తీయలేదని రుజువేది?

మొన్న టెక్కలిలో మా వీధి వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఎవరింట్లోనో ఉంగరం కనబడలేదట. ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషి ఫొటో పెట్టి, ఈమెను పనిలోకి రానివ్వకండి, తీయకపోతే తీయలేదని రుజువు చేసుకోమనండి అని కింద రాశారు. చూస్తుండగానే అందరూ సరే సరే అంటూ బొటనవేళ్లు పెట్టేశారు, అందులో మా కోడలి వేలూ ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వయసులో ఇంత కోపం పనికిరాదని ఇంట్లోవాళ్లు అంటారు గాని, ఇది ఈనాటి కోపం కాదు.

తొంభైల చివర పలాసలో జీడిపప్పు పొట్టు తీసే షెడ్డులో నేనూ మా పిన్నీ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు, వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లెకు కోడలై వెళ్లి, భర్త పోయాక మళ్లీ మా ఇంటి పక్కకే చేరిన మనిషి. ఆమె చేతిలో పలుకు విరగడం నేను చూడలేదు. అమ్మకూ పిన్నికీ పెద్దన్న మా మావయ్య, రిటైరైన మాస్టారు, మా మిషను గుడికి సంఘపెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వరండాలో పేపరు పైకి చదివి, దాని మీద చర్చ పెట్టేవాడు. ఆ రోజుల్లో పేపర్ల నిండా పెద్దవాళ్ల కుంభకోణాలే కదా. వాడు దొంగే అని ఎవరైనా తొందరపడితే మావయ్య చెయ్యెత్తి ఆపేవాడు. నేరం మోపినవాడే రుజువు చెయ్యాలి, అంతవరకూ ఎంతటివాడైనా నిర్దోషే, చట్టమంటే అదీ అనేవాడు. చాపల మీద కూర్చున్న మా ఆడవాళ్లం ఆ మాటలు విని, అవి మాకూ చెందుతాయనే అనుకునేవాళ్లం.

ఒక సాయంత్రం పని దిగే వేళ, షెడ్డులో నీళ్లకుండ వెనక గుడ్డలో కట్టిన జీడిపలుకుల మూట దొరికింది. కుండ పిన్ని కూర్చునే చోటికి దగ్గర. మేనేజరు అందరి ముందూ ఆమెను లేపి నిలబెట్టాడు.

“నాను తియ్యలేదు బావూ. తీసినానన్నవోళ్లు సూపించండి” అంది పిన్ని.

“మూట నీ పక్కనే ఉంది గదా. నీది కాదని నువ్వే సూపించు” అన్నాడతను.

తరువాత మా వైపు తిరిగి, ఎవరైనా ఏమైనా చూశారా అని అడిగాడు. నేను చూశాను. మధ్యాహ్నం అన్నాల వేళ కుండ కడిగి నీళ్లు పోసింది నేనే, అప్పుడక్కడ ఏ మూటా లేదు. ఆ తరువాత పిన్ని మోకాలి వాపుతో కూర్చున్నచోటు నుంచి లేవనే లేదు, ఆమెకు తాగడానికి నీళ్లు కూడా నేనే ముంచి ఇచ్చాను. అంతా తెలిసీ, తల వంచుకుని గోళ్లలో ఇరుక్కున్న పొట్టు తీసుకుంటూ కూర్చున్నాను. అమ్మకూ నాకూ ఆ పనే ఆధారం. పిన్ని నా వైపు ఒక్కసారి చూసింది, రెండోసారి చూడలేదు.

పిన్ని పని పోయింది. ఊళ్లో తక్కిన షెడ్లకూ కబురు పాకింది. మావయ్య వచ్చి, పాస్టరుగారి ముందు పుస్తకం మీద చెయ్యేసి ప్రమాణం చేసేస్తే ఏ గొడవా ఉండదని సొంత చెల్లెలికి సలహా చెప్పాడు.

“తియ్యనిదానికి నానెందుకు పెమానకం సెయ్యాల అన్నా? రోజూ పేపర్లో నువ్వు సదివినదేటి మరి?” అంది పిన్ని. మావయ్య కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

వచ్చిన ఆదివారం వరండాలో మళ్లీ పేపరు, మళ్లీ ఎవరో పెద్దమనిషి కేసు, మళ్లీ అదే మాట. నేను చాప మీద నుంచి లేచాను.

“ఆ సట్టం పిన్నికి లేదా మావా?”

“అది కోర్టమ్మా, ఇది కూలిపని. ఆ షెడ్డోళ్లతో తగువెట్టుకుంటే మన సంఘంలో ఇంకో నలుగురాడోళ్ల పని పోద్ది.”

అప్పుడు నేను చూసినదంతా అక్కడే చెప్పాను. మావయ్య పేపరు మడిచి, నా మొహంలోకి చూసి, మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదే అన్నాడు. మావయ్య మీద కోపంలో సగం నా మీదిదే అని అప్పుడే తెలిసింది.

మర్నాడు వెళ్లి మేనేజరుకూ చెప్పాను. మీ పిన్ని గదా, నువ్వలాగే అంటావు అని, రేపటినుంచి నన్నూ రావద్దన్నాడు. ఆ సంగతి చెబితే పిన్ని సంతోషిస్తుందనుకుని వాళ్లింటికి పరిగెత్తాను. ఎండుచేపలు బాగుచేస్తూ, తలెత్తకుండానే, “ఆ రోజు నీ నోట్లో ఏటెట్టుకున్నావు?” అంది. కాసేపటికి తనే కంచంలో అన్నం పెట్టింది. ఆ రోజు నేను నోరు మెదపనిదాని గురించీ, తరువాత చెప్పినదాని గురించీ మేము మళ్లీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ తరువాత కొన్నేళ్లు పిన్ని కోటబొమ్మాళి సంతలో ఎండుచేపలమ్మింది. మా ఉద్దానం ఊళ్లలో ఎందరినో తిన్న కిడ్నీ జబ్బే ఆమెనూ తినేసింది. మట్టి చేసిన రోజు, షెడ్డులో మాతో పనిచేసిన ఒకామె ముక్కు చీదుకుంటూ, “ఆ పప్పు తీసిందో లేదోగాని, మంచి మనిషి” అంది. తీయలేదని గట్టిగా అరిచాను. సమాధి దగ్గర అరుపులేమిటని నన్ను పక్కకు లాక్కుపోయారు. ఆ మూట ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు, వాళ్లకు ఒక దొంగ దొరికింది, చాలు.

చివరి రోజుల్లో మావయ్యకు చూపు పోతే నేనే పేపరు చదివి వినిపించేదాన్ని. కోర్టు వార్త వస్తే పేజీ తిప్పెయ్యమనేవాడు. ఆయనా పోయాడు. ఇప్పుడు పొట్టు తీయడానికి యంత్రాలొచ్చాయి, షెడ్ల గుమ్మాల దగ్గర కెమెరాలున్నాయి, గుడికి వరండా తీసేసి హాలు కట్టారు. ఆనాడు ఒక పిల్ల చాప మీద నుంచి లేచి అడిగితే, ఎంత పెద్దమనిషైనా పేపరు మడిచి దాని మొహంలోకి చూడక తప్పలేదు. ఇప్పుడు ఫోనులో నింద వేసే బొటనవేళ్లు బోలెడు కనబడతాయి గాని, ఎదురుగా నిలబడి అడుగుదామంటే ఒక్క మొహమూ దొరకదు.