రాళ్ళ కుప్ప దగ్గర వంగిన కంచె

మొన్న మా పెద్దవాడు చేను చుట్టూ ఇనుప తీగ కట్టిస్తుంటే, నేను కర్ర పట్టుకుని వెళ్ళి తూర్పు మూలన అడ్డంగా నిలబడ్డాను. అక్కడ కాలిదారి ఉంది, నెత్తిన మోపుతో మనిషి పట్టేంత సందు వదలమన్నాను. "గిప్పుడు ఎవరు నడుస్తున్నరే అమ్మా, ఇంటింటికీ గ్యాసు వచ్చె!" అని విసుక్కున్నాడు. నడిచినా నడవకపోయినా వదలాల్సిందే అన్నాను. దారి మూస్తే పొయ్యి ఆరిపోయే రోజులు వాడేం చూశాడు? మా ఈడు వాళ్ళం చూశాం.

నేను కాపురానికి వచ్చింది ఏన్కూరు అవతల, అడవిని ఆనుకున్న చిన్న ఊరికి. కట్టెలు, ఇప్పపువ్వు, ఎండాకాలం బీడీలకు తునికాకు, అన్నీ అడవి నుంచే రావాలి, అడవికేమో ఈ చేను తూర్పు మూల నుంచే దారి. అడవి మొదలయ్యే మలుపులో ఒక రాళ్ళ కుప్ప ఉండేది. లోపలికి పోయే ప్రతి మనిషీ దాని మీద ఒక రాయి వేసి, పురుగూ పుట్రా తగలకుండా ఇల్లు చేర్చమని ముత్యాలమ్మకు దండం పెట్టుకోవడం మా ఆచారం. కొత్త కోడలిగా నేను చూసేనాటికే అది నా భుజం దాకా ఉంది.

మా పెద్దవాడు ఇంకా చంకలో ఉన్నప్పుడనుకుంటాను, అప్పట్లో ఈ చేను కొనుక్కున్న ఆసామి మిరప వేసి, జనం తొక్కుతున్నారని ముళ్ళకంచె వేయించాడు. చుట్టు తిరిగి పోవాలంటే వాగు దాటాలి, వానాకాలంలో అదీ కుదరదు. మా అత్త ఆడవాళ్ళందరినీ పోగేసి ఖమ్మం కోర్టులో దావా వేయించింది. బస్సు కిరాయి దండగ అని నేను నసిగితే, "నువ్వు గట్లనే లెక్కలు కట్టుకుంట కూసో. రేపు పొయ్యిల నీ కాళ్ళు పెట్టి వండుతవా?" అని నా నోరు మూయించింది.

అది దారే కాదని, దయతలచి ఈమధ్యే నడవనిచ్చానని ఆసామి కోర్టులో చెప్పాడు. పాత దారి అనడానికి మా దగ్గర కాగితం ముక్క లేదు. చివరకు చోటు చూసి రమ్మని కోర్టు వారు ఒక వకీలును పంపారు. ఆయన గొడుగు వేసుకుని కంచె వెంట నడిచాడు. దారం పట్టినట్టు తిన్నగా వచ్చిన కంచె రాళ్ళ కుప్ప దగ్గర మాత్రం వంగి, దాన్ని చుట్టి పోయింది. ఇదెందుకు వంకర పోయిందని వకీలు ఆసామినే అడిగాడు.

"అమ్మవారి రాళ్ళండీ. పిల్లలు గలవాణ్ణి, వాటి జోలికెట్లా పోతాను?"

"ఎవరు వేశారు?"

"అడవికి పోయేవాళ్ళేనండీ. నేను చేను కొనేటప్పటికే ఇంతెత్తున ఉంది" అని చేత్తో చూపించి, అప్పుడు నాలుక కరుచుకున్నాడు.

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చే దారి పొడుగునా, "అమ్మ ముంగట నిలబడి అబద్ధమెట్ల ఆడ్తడే? ఆయనకు గూడ భయం లేదా ఏంది!" అని ఒకటే నవ్వు.

తీర్పు రావడానికి చాలా కాలం పట్టింది. తరాలుగా జనం నడిచిన దారిని చేను గలవాడైనా మూయరాదని జడ్జిగారు రాశారట. ఆసామి ముళ్ళు తీయించాడు, తరువాత ఎన్నడూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. పక్క ఊళ్ళో ఎవరో బావి దారి మూస్తే, అక్కడి ఆడవాళ్ళు మా తీర్పు సంగతి చెప్పారట, కోర్టు దాకా పోకుండానే అతను తెరిచాడు. అక్కరకు రాని ఖర్చంటే నాకు గిట్టదు కానీ, ఆ బస్సు కిరాయి మాత్రం దండగ కాలేదు.

ఆ చేను తరువాత మా పెద్దవాడే కొన్నాడు. గొణుక్కుంటూనే సందు వదిలాడు. దారిలో గడ్డి మొలిచింది, రాళ్ళ కుప్ప సగం మట్టిలో కూరుకుపోయింది. నిన్న పొద్దున ఒక పడుచుపిల్ల తునికాకు కోసం ఆ సందులోంచే పోయింది, ఎవరినీ అడగలేదు, ఎవరికీ జంకలేదు, తన సొంత వాకిట్లో నడిచినట్టు నడిచింది. మా అత్త ఉంటే మురిసిపోయేది. పిల్ల రాయి వేయడం మాత్రం మరిచింది. ఈ కాలం పిల్లలింతే అని సణుక్కుంటూ వెళ్ళి, దాని పేరున నేనే ఒకటి వేసి వచ్చాను.