చూస్తానన్న మాట

ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగానికి ఎంత విలువంటే, నాకు పిల్లనిస్తామన్నవాళ్ళు ముగ్గురు తేలారు గాని, నా బడికి పిల్లల్నిస్తామన్నవాళ్ళే కరువయ్యారు. అరవైల చివరి మాట. విజయనగరంలో ట్రైనింగు ముగించి, పొందూరు దగ్గర ఓ పల్లెలో పంచాయతీ సమితి బడికి ఏకైక మేస్టర్నై దిగాను. (హెడ్మాస్టర్నీ నేనే, అసిస్టెంట్నీ నేనే. ఆలస్యమైతే నన్ను నేనే కేకలేసుకునే సౌకర్యం ఉండేది.) తాటాకు పాక, ఒక నల్లబల్ల, పద్దెనిమిది మంది మగపిల్లలు. ఆడపిల్ల మచ్చుకి ఒక్కర్తీ లేదు. భుజాన జోలె ఒక్కటే తక్కువగా ఇల్లిల్లూ తిరిగాను. వెంటబడి, కాళ్ళబడి, మాట తడబడి అడిగాను. మా వృత్తిలో ఏం చేసినా చివరికి బడే కదా!

ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా నూలు వడికేవారు. తల్లి చేతులు రాట్నం మీద ఉండాలంటే, చంటివాడు అక్క చంకలో ఉండాలి. అందరికంటే బక్కగా, ఊదితే ఎగిరిపోయేలా ఉండే ఒక పిల్లని ఊరంతా దూదిపింజె అనేవారు, క్లుప్తంగా పింజె. అది తమ్ముణ్ణి చంకనేసుకుని రోజూ పాక గుమ్మం బయట నిలబడి, లోపలివాళ్ళకంటే ముందే ఎక్కం అప్పజెప్పేసేది. మా లోపలి వీరులు ఎనిమిదో ఎక్కంలో కూరుకుపోతే బయటి నుంచి అందించేది కూడా. ఈ పిల్లని గుమ్మం దాటించలేకపోతే నా ట్రైనింగెందుకు, తగలెయ్యనా అనిపించి, ఒకరోజు వాళ్ళమ్మ దగ్గరికెళ్ళాను.

ఆవిడ రాట్నం ఆపకుండానే, "మా గుంట బడికొస్తే ఈ బుడ్డోడ్ని ఎవులు సూస్తారు బాబూ? నూలు తియ్యకపోతే పొయ్యి మీదకి ఏటెక్కుతాది?" అంది.

"అదంతా నేను చూస్తాలెండమ్మా" అన్నాను.

ఆ మాట నేను సమితి ఆఫీసులో నేర్చుకున్నాను. అక్కడ "చూస్తాం" అంటే "ఇక వెళ్ళు" అని అర్థం. పాపం, ఆవిడ ఆఫీసు మొహం చూసినావిడ కాదు, తెలుగు మాత్రమే వచ్చు. మర్నాడు తెల్లారేసరికి పింజె లోపలికొచ్చి, తమ్ముణ్ణి నా ఒళ్ళో పెట్టి, "మీరు సూస్తానన్నారంట గదేటి మేస్టారూ! అమ్మ ఇచ్చీమంది" అని పలక తీసుకుని ముందు వరసలో కూర్చుంది. నా తెల్ల పంచె అయిదు నిమిషాల్లో రంగు మారింది.

ఏం చేస్తాను? పాత చీర తెప్పించి దూలానికి ఉయ్యాల కట్టాను. ఈ వార్త ఊళ్ళో పాకి, పదిహేను రోజుల్లో అయిదుగురు ఆడపిల్లలు, అయిదు ఉయ్యాలలు! కుర్చీలో కూర్చుని, కాలి బొటనవేలికి తాడు కట్టుకుని ఊపుతూ పాఠం చెప్పేవాణ్ణి. బుడ్డోడు రెండో ఎక్కానికి కళ్ళు విప్పి నవ్వేవాడు గాని, పడుకునేవాడు కాదు. పదమూడో ఎక్కం అయితేనే నిద్ర. జోలె పట్టబోయినవాణ్ణి జోల పాడాల్సొచ్చింది.

అలాంటప్పుడు ఓ మిట్టమధ్యాహ్నం, ప్రెసిడెంటుగారింట్లో భోంచేసి, ఇన్స్పెక్టరుగారు సైకిలు దిగారు. గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. "ఏమిటిది? బడా, పురిటిల్లా? ఇవన్నీ విప్పించెయ్యండి!" అన్నారు. ఉయ్యాల విప్పితే బుడ్డోడు చంకెక్కుతాడు. బుడ్డోడు చంకెక్కితే పింజె మళ్ళీ గుమ్మం బయటే. ఈ లెక్క నేను చెప్పేలోగా పింజే లేచి, "బాబూ, ఇప్పుడే పడుకున్నాడు, మెల్లగా మాటాడండి" అంది.

ఆయన మొహం కందగడ్డయింది. "ఓహో! చదువేమైనా వచ్చా, లేక ఉయ్యాలలూపడమేనా? పదమూడో ఎక్కం చెప్పు" అని కుర్చీలో కూలబడ్డారు.

నేను వదిలిన ఉయ్యాల తాడు ఆ పిల్ల అందుకుంది. "పదమూడొకట్లు పదమూడూ, పదమూడు రెళ్ళు ఇరవయ్యారూ..." అని రోజూ తమ్ముడికి పాడే రాగంలోనే ఎత్తుకుంది. మిగతా నలుగురూ గొంతు కలిపారు. తొంభైయొకటి దగ్గర ఆయన కళ్ళు మూతబడ్డాయి. నూట పదిహేడు దగ్గర గడ్డం గుండెకి ఆనింది. ఆపమని ఎవరూ అనలేదు కాబట్టి పింజె పద్నాలుగులోకి వెళ్ళిపోయింది. మేమందరం ఊపిరి బిగబట్టి, ఆరో ఉయ్యాల లేని లోటుకి చింతించాం.

గంట తర్వాత లేచి, చుట్టూ చూసి, గంభీరంగా విజిట్ బుక్కు తెప్పించుకుని రాశారు: "తరగతిలో నిశ్శబ్దం మెచ్చదగినది. ఎక్కాలు బాగున్నవి." నా నోరు ఊరుకుంటేనా? "మరి ఈ ఉయ్యాలలండీ?" అన్నాను.

ఆయన కళ్ళు నులుముకుంటూ, "చూస్తాలెండి" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అది అచ్చమైన ఆఫీసు "చూస్తాం". ఆ మాట ఇప్పటికీ ఏ బీరువాలోనో హాయిగా నిద్రపోతూ ఉంటుంది. ఉయ్యాలలు ఉండిపోయాయి. పింజె అయిదు పాసై, పొందూరు హైస్కూలుకి నడిచి వెళ్ళింది, చంకలో పుస్తకాలతో.

బడంటే గదులుండాలి, బల్లలుండాలి అని తర్వాత ముప్ఫయ్యేళ్ళు అర్జీలు రాస్తూనే ఉన్నాను. అవీ కావాలి. కాని ముందు పిల్ల చేతులు ఖాళీ కావాలని నాకు నేర్పింది నా తెలుగు అర్థం కాని, కాదు కాదు, నాకంటే బాగా అర్థమైన ఆ తల్లి.

మొన్న శ్రీకాకుళం బస్టాండులో బరువు సంచీతో తంటాలు పడుతుంటే, నెరిసిన మీసాలతో ఒకడు పరుగెత్తుకొచ్చాడు. "మేస్టారూ, నేనండీ, పింజె తమ్ముణ్ణి! నన్ను పెంచింది మీరేనని మా అక్క ఇప్పటికీ సెప్తాది."

"అయితే పదమూడో ఎక్కం అప్పజెప్పరా" అన్నాను.

"అదొక్కటీ అడక్కండి బాబూ! మొదలెడితే నిద్రొచ్చేస్తాది" అని నవ్వి, నా చేతిలో సంచీ లాక్కున్నాడు. "మీరు ముందెక్కండి. ఇది నేను సూస్తాను."

ఏ అర్థంలో అన్నాడా అని ఒకసారైనా వెనక్కి తిరగకుండా బస్సెక్కి కూర్చున్నాను.