ఖాళీ గిన్నె గడప దాటదు

సుబ్బరాయలు మామ ఇంట్లోంచి ఖాళీ గిన్నె గడప దాటదు. పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో ఆయన్ని ఎరిగిన వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పక్కింటి వాళ్ళు కూర పంపిన గిన్నె తిరిగి వెళ్ళేటప్పుడు అందులో గుప్పెడు పంచదారో, నాలుగు మురుకులో, ఏమీ లేకపోతే కాస్త రాళ్ళుప్పో ఉంటుంది. ఇది మన ఇళ్ళన్నిటా ఉన్న మర్యాదే, మీ అమ్మగారూ ఇలాగే చేసి ఉంటారు. కానీ మీ అమ్మగారు ఆన్‌లైన్ వేలంలో అమ్మిన గిన్నెలో మురుకులు పోసి పార్సెల్ చేసి ఉండరు. మామ చేశాడు. ఆ వ్యాపారంలో ఆయనకు భాగస్వామిని, సలహాదారుణ్ణి, నష్టానికి పూర్తి బాధ్యుణ్ణి నేనే.

నా పేరు అనిల్. మాది యానాం. ప్రభుత్వ గుమాస్తాగా బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి మామ ఇంటి మేడ మీద అద్దెకు దిగాను. కింద మామ ఒక్కడే ఉంటాడు. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఎప్పటినుంచో ఈ ఊళ్ళో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకు పాత్రలు అద్దెకిచ్చేవాడట. ఒక ఆదివారం మామ ఇంట్లో బల్బు మార్చడానికి అటకెక్కాను. లైన్‌మన్ ఇంట్లో బల్బు నేనెందుకు మార్చానంటే, ఉద్యోగంతో పాటు ఆయన మోకాళ్ళు కూడా రిటైరయ్యాయి. అటక నిండా ఇత్తడి బిందెలు, డేగిసాలు, పిడీ మూతా ఉన్న తూక్కులు. మూతలు తీసి చూస్తే చాలావాటిలో మురుకులు ఉన్నాయి. ఎలుకలకు ఎరగా పెట్టాడేమో అనుకున్నాను. నేను అంతకంటే లోతుగా ఆలోచించే మనిషిని కాను.

అప్పటికి నేను ఫోనులో వ్యాపార పాఠాలు విని కొంత చెడిపోయి ఉన్నాను. ఆ ఇత్తడినంతా ఒక వేలం సైటులో పెడదామని, లాభం చెరిసగం పంచుకుందామని మామను ఒప్పించాను. నా వాటాతో వాషింగ్ మెషిన్ కొంటానని భానుశ్రీకి మాటిచ్చాను. భానుశ్రీ నా భార్య. నా మాటల మీద ఆమెకు పెద్దగా నమ్మకం లేదు, అయినా మెషిన్ పెట్టడానికి స్నానాలగది పక్కన చోటు ఖాళీ చేసింది.

సైటు వాళ్ళ రుసుముల గురించి మామకు విడమరిచి చెప్పాను. వస్తువు పెట్టినందుకు కొంత, అమ్ముడైనందుకు కొంత, డబ్బు చేతికి వచ్చినందుకు కొంత తీసుకుంటారు. కొన్నవాళ్ళు ఇచ్చే పోస్టు ఖర్చులో కూడా వాళ్ళకు వాటా ఉంటుంది. మామ అన్నీ శ్రద్ధగా విన్నాడు. చివరి ముక్క మాత్రం ఆయనకు మింగుడుపడలేదు.

“పోస్టు ఖర్చులో వాళ్ళకేంది తంబీ పంగు? మూట వాళ్ళు మోస్తారా?”

మోయరని చెప్పాను. మరి యాడికొచ్చి అడుగుతారని అడిగాడు. ఎక్కడికీ రారు, మనకొచ్చే డబ్బులోంచే పట్టుకుంటారని చెప్పాను. కనపడకుండా డబ్బు పట్టుకుపోయేవాణ్ణి మా కాలంలో ఇంకో పేరుతో పిలిచేవాళ్ళం అన్నాడు.

మొదటి తూక్కు హైదరాబాద్ ఆయనెవరో పాడుకున్నారు. ఖాళీ తూక్కును ఇంట్లో తూచి, పోస్టు ఖర్చు లెక్కకట్టి, కొన్నాయన దగ్గర అంతే వసూలు చేశాను. మామ పొట్లం కట్టి ఇచ్చాడు. పోస్టాఫీసు కౌంటర్లో రాఘవన్ గారు దాన్ని కాటా మీద పెట్టి, నా అంచనాకు దాదాపు రెట్టింపు చెప్పారు. మీ కాటా పాడైందని నేను ఆయనతో వాదించాను. లైన్లో ఉన్నవాళ్ళంతా నావైపు చూశారు. చివరికి పొట్లం విప్పాను. తూక్కు నిండా మురుకులు ఉన్నాయి.

ఇంటికొచ్చి మామను నిలదీశాను. వాళ్ళు గిన్నె కొనుక్కున్నారు, మనమేమీ అరువు తెచ్చుకోలేదు కదా అన్నాను.

“కొనుక్కుంటే ఏంది? మనింట్లోంచి పోతా ఉండాది కదా. ఖాళీగా పంపితే వాళ్ళింట్లో ఏమనుకుంటారు?”

మామతో వాదిస్తే లాభం లేదని తేలింది. అందుకని తెలివిగా పోవాలనుకున్నాను. లోతు లేని వస్తువులే అమ్ముదామని పళ్ళాలు పెట్టాను. మామ ఒక పళ్ళెంలో అరిసెలు పేర్చి, దాని మీద ఇంకోటి బోర్లించి తాడు కట్టాడు. గరిటె పెడితే దాని గుంటలో బెల్లం ముక్క కట్టాడు. ఇత్తడి దీపంలో నూనె పోయబోతుంటే కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఆపాను. నూనె పోస్టులో పోనివ్వరంటే నొచ్చుకుని, కుంది నిండా వత్తులు కుక్కాడు.

ఇలా అమ్మిన ప్రతిదానికీ మేమే ఎదురు కట్టుకుంటున్నాం. ఆదివారం బట్టలుతుకుతూ భానుశ్రీ మన మెషిన్ ఎందాకా వచ్చిందని అడిగేది. నీళ్ళ పైపు కొనే దాకా వచ్చిందని నేను చెప్పేవాణ్ణి. చాలా వారాలు అది పైపు దగ్గరే ఆగింది. తర్వాత పైపు కూడా వెనక్కి వెళ్ళింది.

ఆ మురుకులన్నీ మణియమ్మ చేసేవి. ఆమె మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. ఒక మిల్లు గేటు ముందు బుట్ట పెట్టుకుని అమ్మేది. మిల్లు మూతపడ్డాక ఒక బడి దగ్గరికి మారింది. బడివాళ్ళు బయటి తిండి వద్దన్నారు. ఇంత తెలిసీ, ఆమె బేరం ఎలా నడుస్తోందో నేనెప్పుడూ ఆలోచించలేదు. పోస్టు బరువు గురించి ఆలోచించేసరికి నా బుర్ర నిండిపోయేది.

ఒక రోజు మణియమ్మ కొంగులో ఏదో చుట్టుకుని మేడ మీదికి వచ్చింది. అది ఇత్తడి మురుకుల గొట్టం. మా యానాంలో జంతికల గొట్టం అంటాం. వాళ్ళ అత్తగారి కాలం నాటిది, పిడి అరిగి బంగారంలా మెరుస్తోంది.

“దీన్ని గూడా నీ ఫోన్లో పెట్టు నాయనా. ఇంక పొయ్యి ముట్టించేది లేదు. గెస్టుహౌసులో గదులు తుడిచే పనుందంట, పోతాను.”

ఆమె మామూలుగానే చెప్పింది. కానీ గొట్టాన్ని నా చేతికిచ్చేముందు కొంగుతో మరోసారి తుడిచింది. అది చూసి బాధపడాల్సిన నేను సంతోషించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కనిపించింది గొట్టం అడుగున ఉన్న చిల్లులు మాత్రమే. ఇందులో మామ ఏమీ నింపలేడు కదా అనుకున్నాను.

గొట్టం బాగా పలికింది. చెన్నై ఆయన ఒకరు మంచి ధరకు పాడుకున్నారు. పొట్లం కట్టమని మామకిచ్చాను. సాయంత్రం చూస్తే గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“ఇది ఖాళీగా పంపేది లేదు తంబీ.”

అడుగున చిల్లులున్నాయి, ఏం నింపుతారని అడిగాను. గొట్టంలో పెట్టేది పిండి, పిండే నింపాల అన్నాడు. చెన్నై చేరేలోపు పిండి పులిసిపోతుందన్నాను.

“పులిసింది పంపితే మర్యాద గాదు. ఖాళీగా పంపినా మర్యాద గాదు. అయితే ఇది పోదు.”

అమ్మిన వస్తువు పంపకపోతే సైటు వాళ్ళు జరిమానా వేస్తారు, నా పేరు చెడుతుంది అని చిందులేశాను. జరిమానా నేను కడతా, నీ పేరుకేం గాదులే అని గొట్టాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ కోపంతో నేను మణియమ్మకు ఏమీ చెప్పలేదు.

మర్నాడే ఇంకో దెబ్బ తగిలింది. నెల్లూరు నుంచి ఒక తూక్కు వాపసు వచ్చింది. కారణం అని ఉన్నచోట, వస్తువు మీరు వర్ణించినట్టు లేదు అని ఉంది. ఇలాంటి వాపసుకు రానూపోనూ పోస్టు ఖర్చు అమ్మినవాడి నెత్తినే పడుతుంది. పళ్ళు నూరుతూ మూత తీశాను. నిమ్మకాయ ఊరగాయ ఘుమ్మంది. పొట్లం మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే వెంకటరమణమ్మ అనే పెద్దావిడ ఎత్తారు.

“ఖాళీ గిన్నె అని రాసి నిండుగా పంపించావు. మరి వర్ణించినట్టు యాడుంది? నిండుగా వచ్చిన గిన్నె కొన్న గిన్నె ఎట్టవుద్ది నాయనా, అందుకే నింపి తిప్పి పంపినా. ఆ మురుకులు చేసే ఆమె ఎవరో చెప్పు, మా చెల్లెలింట్లో సీమంతం ఉంది. డబ్బులిస్తా, ఊరికే వద్దు.”

ఫోన్ పెట్టేసి, కొన్నవాళ్ళు సైటులో రాసిన అభిప్రాయాలను తొలిసారి చదివాను. అంతవరకు నక్షత్రాలు చూసుకోవడమే తప్ప చదివిన పాపాన పోలేదు. హైదరాబాద్ ఆయన గిన్నె ఫరవాలేదు, లోపలివి మళ్ళీ ఎలా తెప్పించుకోవాలి అని రాశారు. ఇంకొకరు గిన్నె లేకుండా పంపగలరా అని అడిగారు. జనం వారాల తరబడి జంతికలు అడుగుతుంటే నేను బిందెలు తూచుకుంటూ కూర్చున్నాను.

ఊరగాయ తూక్కు పట్టుకుని కిందికి పరుగెత్తాను. ఇదంతా మీకు ముందే తెలుసా మామా అని అడిగాను.

“నాకేం తెలుసు? మణియమ్మ ఊరికే ఇస్తే రూపాయి తీసుకోదు. సరుకు కొంటేనే తీసుకుంటాది. నాకు పళ్ళు లేవు. కొన్నవన్నీ యాడ పెట్టేది? అటక మీద గిన్నెల్లో పోసినా. అవీ నిండిపోయే ముందు దేవుడల్లే నువ్వొచ్చి గిన్నెలు అమ్ముదామన్నావు.”

అటక మీది మురుకులు అప్పుడు గుర్తొచ్చాయి. నేను ఎలుకల ఎర అనుకున్నది ఆయన చేస్తున్న సాయం. నా లాభాల లెక్కలో నష్టమని గీత గీసిన ప్రతి రోజూ మణియమ్మ పొయ్యి వెలిగింది. మామ మీద కోప్పడ్డందుకు నాకు చాలా సిగ్గేసింది. ఆయన మాత్రం ఊరగాయలో వేలు ముంచి నాకి, ఉప్పు తక్కువైందన్నాడు.

బీరువా తాళం తీసి గొట్టాన్ని నేనే మణియమ్మకు ఇచ్చి వచ్చాను. చెన్నై ఆయనకు డబ్బు వాపసు చేసి, జరిమానా కట్టి, క్షమాపణగా ఒక పొట్లం మురుకులు పంపాను. ఆయన మూడు పొట్లాలకు ఆర్డరు పెట్టారు. ఇప్పుడు మణియమ్మ పొయ్యి పొద్దున్నే అంటుకుంటోంది. పోస్టు ఖర్చు సరిగ్గా తూచి రాసేది నేనే, అందుకు ఆమె నాకు కమీషన్ ఇస్తుంది, మురుకుల రూపంలో.

వాషింగ్ మెషిన్ కోసం ఎదురుచూసి విసిగిపోయిన భానుశ్రీ చివరికి తన చీటీ డబ్బుతో తనే కొనుక్కుంది. అది వచ్చిన పూట మేమిద్దరం ఇంట్లో లేం. మామే కింద తన ఇంట్లో దింపించుకుని, మనుషుల్ని పెట్టి మేడ మీదికి పంపించాడు. సాయంత్రం భానుశ్రీ బట్టలు వేద్దామని మూత తీసి, కాసేపు లోపలికి చూసి, నన్ను పిలిచింది. డ్రమ్ము నిండా పంచదార పొట్లాలు, వాటి మీద ఒక కొబ్బరికాయ, పక్కన మురుకులు ఉన్నాయి.