పక్క కొట్టు సరుకు

మొన్న మా మనవరాలు ఉద్యోగం ఇంటర్వ్యూకని జవాబులు వల్లిస్తూ, మీరు చేసిన తప్పొకటి చెప్పండి, దాన్నెలా దిద్దుకున్నారు అనే ప్రశ్న దగ్గర ఆగిపోయి, తాతయ్యా మీ దగ్గరేమైనా ఉంటే ఇవ్వండి, నాదని చెప్పుకుంటాను అంది. నవ్వుతూనే అడిగింది గానీ, భోంచేస్తున్న నేను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

తిరువూరు బజారులో మాది బట్టల కొట్టు. అడిగిన రంగు మన దగ్గర లేకపోతే లేదనకుండా, వచ్చినవాళ్ళని మాటల్లో కూర్చోబెట్టి, పక్క కొట్టునుంచి వెనక దారిన తెప్పించి మన సరుకే అన్నట్టు పరచడం కొట్లలో పెరిగినవాళ్ళకి తెలిసిందే. ఆ విద్యలో నేను ఘనుణ్ణి.

మేనత్త కొడుకు, మా బావ, మా కొట్లోనే గుడ్డ కొలిచేవాడు. ఒకసారి రెడ్డిగూడెం పెళ్ళివారికి ప్యాంటు గుడ్డ జానెడు తక్కువ కోశానని సాయంత్రం గ్రహించి, ఎవరూ అడక్కముందే బస్సెక్కి వెళ్ళి, తప్పు నాదేనండి అని ఒప్పుకుని, సరైన ముక్క ఇచ్చొచ్చాడు. నేనైతే నేరం టైలరు మీదకి తోసేసేవాణ్ణి.

ఆ తర్వాత బెజవాడలో ఒక మందుల కంపెనీలో ఉన్న ఒక్క ఖాళీకి ఇద్దరం కలిసే వెళ్ళాం. మామయ్య పోయి అత్తయ్యకి వేరే ఆధారం లేదు గనక ఆ ఉద్యోగం నాకంటే బావకే అవసరం. ముందు నన్ను పిలిచి, ఇదే ప్రశ్న వేశారు. నా తప్పులకేం కొదవ లేదు గానీ దిద్దుకున్నది ఒక్కటీ తట్టక, తడుముకోకుండా బావది తీసి పరిచేశాను, పెళ్ళికూతురి తండ్రి కళ్ళనీళ్ళు కూడా నా వంతుగా చేర్చి.

తర్వాత వెళ్ళిన బావ పది నిమిషాల్లోనే మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు.

“రెడ్డిగూడెం సంగతి చెబితే నవ్వారేంట్రా? ఇందాకటి కుర్రాడూ ఇదే చెప్పాడన్నారు.”

నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. లోపలికి వెళ్ళి, అది ఇతనిదండీ అని చెప్పడానికి నాలుగడుగులు చాలు, వెయ్యలేదు. తిరుగు బస్సు మైలవరం దాటాక బావే అన్నాడు.

“పోనీలే. నువ్వు నాకంటే బాగా చెప్పుంటావు.”

ఉద్యోగం నాకొచ్చింది. బావ ఓపికున్నంత కాలం గుడ్డ కొలుస్తూనే ఉన్నాడు, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఇప్పుడు ఈ ప్రశ్నలకి కోచింగులున్నాయి, ఫోను నొక్కితే తయారు జవాబులొస్తాయి. మన రోజుల్లో ఇంత మాయ లేదని నలుగురిలో అనబోయి నాలుక కరుచుకుంటాను. మనవరాలితో నీ సొంతదే వెతుక్కో అమ్మా అన్నాను గానీ ఎందుకో చెప్పే ధైర్యం చాల్లేదు. బావ పోయి నాలుగేళ్ళు. ఇవాళ నన్నెవరైనా అడిగితే తప్పేమిటో గడగడా చెప్పగలను. ఎలా దిద్దుకున్నారంటేనే నోరు పెగలదు.