అన్ని పుటల్లోనూ ఉన్న తాతగారు

రికార్డు గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఆమెను అందరూ నకళ్ళమ్మ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆమెది ఒకటే పని. పాత రిజిస్టర్లలోని గొలుసుకట్టు రాత చదివి, అడిగినవాళ్ళకు నేటి అక్షరాల్లో నకలు రాసివ్వడం. పుటలో ఎన్ని గళ్ళుంటే నకల్లోనూ అన్ని గళ్ళుండాలి. పురుగు కొట్టినచోట "పురుగు కొట్టినది" అని, సిరా ఒలికినచోట "మరక" అని రాయాలి. సొంతమాట చేర్చకూడదు, ఉన్నమాట వదలకూడదు. కింద ఆమె సంతకం.

పూర్వీకుల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళను చూస్తే ఆమెకు లోలోపల నవ్వు. అందరికీ సేనాపతి తాతే కావాలి, కనీసం దివానైనా కావాలి. బండి తోలిన తాత దొరికితే, "ఇంకో పుస్తకం చూడండమ్మా, ఈయన మావాడై ఉండడు" అంటారు. ఊరినిండా సేనాపతులే ఉంటే ఆ రోజుల్లో నీళ్ళెవరు మోశారో! పైకి మాత్రం ఒక్కమాట అనదు. ఆమె మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని ఎదుటివాళ్ళు అనుకుంటారు. ఆమె బతుకులో చాలా నిర్ణయాలు అలాగే జరిగిపోయాయి.

పెళ్ళి కాలేదు. అక్క ఇంట్లో మేడమీది గదిలో ఉంటుంది. అక్క మొగుడు తూనికలు కొలతల ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కసురుకోవడానికి కింద ఉద్యోగులు లేకపోయేసరికి పొద్దుపోక పూర్వీకుల మీద పడ్డాడు. రోజూ రికార్డు గదికి వచ్చి పేర్లపట్టీ తిరగేసేవాడు. పాత రాత ఆయనకు ముక్క రాదు. పట్టీ మాత్రం అచ్చులో ఉంటుంది.

ఒకరోజు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"అమ్మాయ్! మా ముత్తాత పేరు నూట పన్నెండు చోట్ల ఉంది! ముప్పై ఒక్క ఏళ్ళు! భూములన్నీ ఆయనవే అయ్యుండాలి, కాదూ?"

రిజిస్టరు తెప్పించుకుని చూడనైనా చూడలేదు. సాయంత్రానికల్లా బంధువులందరికీ కబురు పెట్టాడు. గ్రంథాలయం హాల్లో వంశసభ. బొమ్మ గీసేవాడికి చూపించడానికి తాతగారి ఫోటో లేదు కనుక తన ఫోటోనే ఇచ్చి, మీసాలూ కత్తీ చేర్పించాడు. సభలో విప్పి చదవడానికి ఒక పుట నకలు అడిగాడు.

నకళ్ళమ్మ ఒకటి కాదు, నూట పన్నెండు పుటలూ చూసింది. తాతగారు ఎక్కడా కొన్నవాడు కాదు, అమ్మినవాడు కాదు. ప్రతిచోటా ఆఖరి గడిలో సాక్షి. ఆఫీసు మెట్లమీద కూర్చుని, పిలిచినవాళ్ళ వెంట లోపలికొచ్చి, "అవును, నేనెరుగుదును" అని వేలిముద్ర వేసి పోయేవాడు. హద్దులు గుర్తున్న ముసలివాడు కావలిస్తే ఆయన వయసు అరవై, ఆ నెలలోనే ఇంకొకరికి పడుచువాడు కావలిస్తే ముప్పై అయిదు. ఆఖరి పుటలో ఎర్రసిరాతో అధికారి రాసిన మాట ఉంది: "ఇతడు పూట భోజనానికి ఏ ప్రమాణమైనా చేయును. ఇకమీదట లోనికి రానీయరాదు."

బావగారు కోరింది సరిగ్గా ఆ ఆఖరి పుటే. ఆఖరిది కనుక అందులో బిరుదులేవో ఉంటాయని ఆయన లెక్క.

సంగతి ఆమె మెల్లగా చెప్పింది. ఆయన పుస్తకం వైపైనా చూడకుండా అటూ ఇటూ చూశాడు.

"అయితే ఆ సాక్షి గడీ, ఎర్రసిరా గడీ వదిలెయ్. పేరూ తేదీ రాస్తే చాలు."

"గళ్ళు వదలకూడదు బావగారూ."

"నీ సంతకం ఉంటే ఎవరడుగుతారు? అన్నట్టు, మా మేనల్లుడు ఆ మేడగది అడుగుతున్నాడు. నేనే ఇంకా ఏమీ అన్లేదు." లేస్తూ నవ్వాడు. "నువ్వు తెలివైనదానివి."

ఆమె మాట్లాడలేదు. ఆయన సరేనన్నట్టే లెక్కేసుకున్నాడు.

మర్నాడు ఆమె కాగితం ముందు చాలాసేపు కూర్చుంది. ఆ గదిలో తన మంచం, తన కిటికీ, పదిహేడేళ్ళు. వేరే చోటు ఎక్కడ వెతుక్కోవాలో తెలియదు. పూట భోజనానికి వేలిముద్ర వేసినవాడు ఆ తాతగారు. గది కోసం సంతకం పెడితే తను? ఆ మాట మనసుకు తగలగానే కలం సిరాలో ముంచి అన్ని గళ్ళూ నింపింది. ఎర్రసిరా మాట ఎర్రసిరాతోనే రాసింది. మరక ఉన్నచోట "మరక" అని రాసింది. కవరు అంటించి సీలు వేసింది.

బావగారు దాన్ని విప్పలేదు. సీలు జనం ముందు విప్పితేనే దర్జా అని దాచాడు.

సభలో గ్రంథాలయం పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని గట్టిగా చదివాడు. పేరు. తేదీ. హోదా, సాక్షి. తరవాత ఎర్రసిరా మాట. వెనక వరసలోంచి మేనత్త అడిగింది:

"పూట భోజనానికా? ఒరేయ్, మనకి భోజనాలున్నాయన్నావు, అవి ఏ సాక్ష్యానికి రా?"

హాలంతా గొల్లుమంది. కత్తి పట్టుకున్న బొమ్మ కింద బావగారు, ఆ ముఖమే పెట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక చెప్పులైనా విప్పకుండా అన్నాడు: "రేపటికి గది ఖాళీ చెయ్యి."

"అలాగే బావగారూ."

అక్క గుమ్మంలోంచి, "ఒక్క గడి వదిలేస్తే నీ సొమ్మేం పోయేదే!" అంది. నకళ్ళమ్మ సమాధానం చెప్పలేదు గానీ, ఈసారి అది ఒప్పుకోలు కాదని అక్కకే తెలిసింది. ట్రంకు పెట్టె రెండో చెవి అక్కే పట్టుకుని చెల్లెలితోపాటు మెట్లు దిగింది. ఆఫీసు వెనక వీధిలో టైపు నేర్పే ఆవిడ ఇంట్లో ఒక గది దొరికింది. కిటికీ లేదు. తలుపుకి లోపలివైపు గడియ ఉంది, అది నకళ్ళమ్మ చేతిలో ఉంది.

నెల తిరక్కుండానే రికార్డు గది వరసలో బావగారు నిలబడ్డాడు. ఆమెను ఎరగనట్టు పైకప్పు చూస్తూ దరఖాస్తు తోశాడు. అమ్మ తరఫు ముత్తాతట. సేనాపతి అని ఎవరో చెప్పారట.

"అన్ని గళ్ళూ ఉంటాయండీ," అందామె, బిగ్గరగానే. "తరవాతెవరు?"