పెద్దసారు మజ్జిగ, నా బ్యాక్టీరియా

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నాకు కోపం ముక్కుమీదే ఉండేది. (అది బద్వేలు నీళ్ల గుణమని ఇంట్లోవాళ్లు అనేవాళ్లు. వాళ్లూ అవే నీళ్లు తాగారు మరి.) కడపలో హాస్టలు, నడివేసవిలో పరీక్షలు, కరెంటు దాని ఇష్టం. ఆ అవస్థలోనే ఈ.కోలై బ్యాక్టీరియాను కాల్షియం క్లోరైడులో నానబెట్టి, బయటి డీఎన్ఏను లోపలికి రానిచ్చేలా తయారుచేసి, డబ్బాలో పెట్టి ల్యాబు ఫ్రీజరులో దాచుకున్నాను. చలువ తప్పితే అవి చస్తాయి. పరీక్ష రోజు వాటిలోకి ఒక జన్యువును ఎక్కించి, మందు కలిపిన ప్లేటు మీద పరవాలి. జన్యువు ఎక్కినవే మందును తట్టుకుని మర్నాటికి చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. ఆ చుక్కలు చూపిస్తేనే మార్కులు, ఆ మార్కులుంటేనే ఫస్టుక్లాసు.

పరీక్ష పొద్దున ఫ్రీజరు తెరిస్తే నా డబ్బా లేదు. దాని చోట మజ్జిగ సీసాలున్నాయి, కరివేపాకుతో సహా. మా శాఖాధిపతిని మేం పెద్దసారు అనేవాళ్లం. ఆయన దగ్గరికి పరుగెత్తాను.

“నా డబ్బా యాడ సార్?”

“కిటికీలో ఉండాది చూడుమ్మా, నిన్ననే తీసి పెట్టినా. ఎగ్జామినరు సారు శానా దూరం నుంచి వస్తాండాడు, ఈ ఎండకు సల్లగా మజ్జిగన్నా ఇయ్యాల గదా. కంటికి కనపడని జీవులు, వాటికేం ఎండమ్మా.”

జీవితమంతా సూక్ష్మజీవశాస్త్రం చెప్పిన మనిషి అన్న మాట అది. నాకు ఒళ్లు మండిపోయింది. (నోటిదాకా వచ్చిన మాటలు హాస్టలు గోడకు చెప్పుకున్నాను.) కొత్తవి చేసుకునే వ్యవధి లేక వాటితోనే కానిచ్చాను. మర్నాడు ప్లేటు కడిగిన కంచంలా ఉంది.

ఎగ్జామినరు మజ్జిగ గ్లాసుతోనే వచ్చి, “ఏమ్మా, ఒక్కటీ మొలవలేదే?” అన్నారు. ఆయన వెనక నుంచి పెద్దసారు, తప్పు నీదేనని ఒప్పుకో అన్నట్టు కళ్లురుముతున్నారు.

“మీ మజ్జిగ సల్లగా ఉండాలని పెద్దసారు వాటిని కిటికీలో పెట్టినారు సార్. కాల్షియంలో నానినవి ఈ ఎండకు యాడ బతుకుతాయి? సచ్చిన కణంలోకి జన్యువు ఎక్కినా ఒకటే, ఎక్కకున్నా ఒకటే.”

ఆయన గ్లాసు పక్కన పెట్టి, అడగాల్సినవన్నీ నువ్వే చెప్పేశావని మంచి మార్కులే వేశారు. పెద్దసారు తన చేతిలో ఉన్న మార్కులు కోసేశారు. ఫస్టుక్లాసు పోయింది. తలచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

ఇప్పుడు రాజంపేటలో నేనే పాఠాలు చెబుతున్నాను. నిన్న ఎవరో అతిథులు వస్తున్నారని మా ప్రిన్సిపాలు నా ప్రాక్టికల్ క్లాసు రద్దు చేశారు. “సరే సార్” అన్నాను, నవ్వుతూ అన్నాను. ఇంటికొచ్చాక అప్పటి నేను, ఆ ఎమ్మెస్సీ పిల్ల గుర్తొచ్చింది. ఎదురుపడితే నన్ను కడిగిపారేసేది. కడిగిపారేసినా బాగుండు.