చుక్క కారని లారీ

2025 ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా చీనీ, అంటే బత్తాయి, తోటలోని రెండో బోరు నీళ్ళకు బదులు గాలి కక్కింది. మొదటిది అంతకు రెండేళ్ళ ముందే ఎండిపోయింది. తోటలో నాలుగు వందల పన్నెండు చెట్లు. వాటికి తొమ్మిదో ఏడు నడుస్తున్నది. వేసవి దాటాలంటే చెట్టుకు వారానికి వంద లీటర్లయినా పడాలి. పామిడి వైపు, మా పొలానికి మూడు కిలోమీటర్ల దూరంలో, నీళ్ళమ్మే బోరు ఒకటి ఉన్నది గానీ మధ్యలో ఇసుక వంక, ఎండిన వాగు, అడ్డం. నిండు ట్యాంకరుతో ట్రాక్టరు ఆ ఇసుకలో రెండుసార్లు కూరుకుపోయింది. చుట్టు తిరిగి వస్తే పదిహేడు కిలోమీటర్లు. అలా తిరిగి రావడానికి ఒప్పుకున్న బాడుగ ట్రాక్టరు వారానికి మూడు ట్రిప్పులకు మించి దొరకలేదు. మూడు ట్రిప్పులంటే నూట యాభై చెట్లు. మిగతా రెండు వందల అరవై రెండింటి సంగతి ఏమిటన్నది ఆ వారమంతా నా డైరీలో ప్రశ్నగానే మిగిలింది.

నేను తాడిపత్రిలో బండల లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాను. ఆ లారీలకు మరమ్మతులు చేసే మేస్త్రీ నాకంటే పదేళ్ళు పెద్దవాడు. నా మొహం చూసి ఆయనే అడిగి, అంతా విని, ఒక దారి చెప్పాడు.

"మిలిట్రీ వాళ్ళు పాత బండ్లు వేలం వేస్తారు సార్. అన్ని చక్రాలూ లాగుతాయి దానికి. ఇసుకలో వదిలితే ఎనుము మాదిరి పోతుంది. ట్యాంకు ఎక్కించుకుంటే నీ వంక ఎంత?"

ఫిబ్రవరి 27, గురువారం, కర్ణాటకలోని ఒక సైనిక డిపోకు ఇద్దరం బండ్లు చూడటానికి వెళ్ళాము. చూసే వేళ పది నుంచి ఒంటిగంట వరకు. సెల్‌ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. పనిముట్లు లోపలికి రానివ్వరు. బ్యాటరీలు ముందే తీసేసి ఉంటాయి కనుక ఇంజను నడిపి చూసే ప్రశ్నే లేదు. ఏ మూతా విప్పకూడదు. ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే అమ్ముతారు. కొన్న తరువాత ఫిర్యాదు చెల్లదు. ఒక జవాను మా వెనకే నడుస్తున్నాడు.

నేను ఇంటి దగ్గరే ఇరవై నాలుగు ప్రశ్నల పట్టిక రాసుకొని వెళ్ళాను. చాసిస్‌కు తుప్పు, విరిగిన కమాను పట్టీలు, టైర్ల తయారీ వారం, ఎలుకలు కొరికిన వైర్లు, రేడియేటరు అతుకులు. ప్రశ్నకు ఒక మార్కు. వరుసలో మాకు పనికివచ్చేవి రెండే లారీలు. మొదటిదానికి రంగు పొక్కులు లేచాయి. ఇంజను కింద, వెనక ఇరుసు కింద మట్టి నల్లగా తడిసి ఉన్నది. నేను వంగి చూస్తుండగానే ఒక చుక్క పడింది. రెండోదాని కింద మాత్రం కళ్ళాపి చల్లి ఊడ్చినంత శుభ్రంగా ఉన్నది. మొదటిదానికి పదమూడు మార్కులు, రెండోదానికి పంతొమ్మిది.

మేస్త్రీ పట్టిక చూడలేదు. మొదటి లారీ కింద చాప పరిచినట్టు మట్టిలోనే పడుకొని, కారుతున్న నూనెను రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి బయటికి వచ్చాడు.

"ఈ కారే బండి తీసుకో సార్."

"కారేదాన్ని ఎవరు కొంటారు మేస్త్రీ?"

"కారతాండాదంటే లోపల నూనె ఉండాదని. ఆ రెండోది యాడా కారల్యాదు. ఉండి కారల్యాదో, ల్యాక కారల్యాదో నీ పుస్తకంలో రాసుకున్న్యావా?"

ఆ ప్రశ్న నా పట్టికలో లేదు. ఒంటిగంటకు ఇంకా నలభై నిమిషాలున్నాయి. ఇరవై ఐదో ప్రశ్నగా చేర్చుకోవడానికి కావలసినంత సమయమే. నేను చేర్చలేదు.

ఎందుకు చేర్చలేదో తరువాత చాలాసార్లు ఆలోచించాను. మా ఇంట్లో కొళాయి చుక్క కారితే కింద చెంబు పెడతారు. చెంబు పెట్టడం మరిచినవాణ్ణి తిడతారు. మా జిల్లాలో పుట్టినవాడికి కారడమంటే పోవడమే. కారుతున్న వస్తువుకు డబ్బు పెట్టడానికి నా చెయ్యి రాలేదు.

"నువ్వు కాగితం కొంటాండావా, బండి కొంటాండావా సార్?" అని జవాను ఎదుటే అడిగాడు మేస్త్రీ. జవానుకు తెలుగు రాదు; అయినా నవ్వాడు.

మార్చి 5, బుధవారం, తాడిపత్రిలోని ఇంటర్నెట్ సెంటరులో కూర్చొని రెండో లారీకి వేలం పాడాను. భవిష్యనిధి నుంచి తీసిన నాలుగు లక్షల పదివేలు నా హద్దు. చివరి నిమిషాల్లో ఎవరు పాట పెంచినా గడువు మళ్ళీ పొడుగవుతుంది. పదకొండుసార్లు పొడుగైంది. ఎదుటివాడెవరో కనపడడు, అంకె మాత్రం కదులుతుంది. మూడు లక్షల ఎనభై ఆరు వేల దగ్గర ఆ అంకె ఆగిపోయినప్పుడు నాకు సంతోషం కలగలేదు. అతను ఎందుకు ఆగాడు, నాకు తెలియనిది అతనికి ఏమి తెలుసు అన్న భయం పట్టుకున్నది.

డబ్బు కట్టి, కాగితాలు ముగించుకొని, మార్చి 20, గురువారం, బండి తెచ్చుకోవడానికి వెళ్ళాము. ఈసారి పనిముట్లు రానిచ్చారు. వెనక ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా ఉండే ఇనుప పెట్టెను మా వైపు హౌసింగ్ అంటారు. దాని మర విప్పి మేస్త్రీ వేలు లోపలికి పెట్టాడు. నూనె ఉంటే మొదటి కణుపుకే తగలాలి. రెండో కణుపు దాకా పోయిన వేలు పొడిగా, ఎర్రటి తుప్పు పొడితో బయటికి వచ్చింది. గేరుపెట్టెలోనూ అంతే. నూనెను ఆపే సీళ్ళు ఎండకు ఎండి పగిలి, నూనె ఏనాడో పాత చోటనే కారిపోయింది. వేలం వరుసలోకి లాగేనాటికి కారడానికి ఏమీ మిగలలేదు.

"రా సార్, నీ వేలు గూడ పెట్టు," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నేను పెట్టాను.

మేము అక్కడ నిలబడి ఉండగానే ఆ కారే లారీని కొన్న క్వారీవాళ్ళు వచ్చారు. ఎంత కారిందో అంత నూనె పోసి, బ్యాటరీ తగిలించారు. మూడో ప్రయత్నానికి తెల్లని పొగ కక్కి అది స్టార్టయింది. పదిహేను నిమిషాల్లో గేటు దాటింది. మాది ఇంకొక లారీ మీద ఎక్కించి తేవలసి వచ్చింది.

నూనె లేక తుప్పు తిన్న బేరింగులు, పళ్ళచక్రం మార్చాలి. పాత సామాను దొరికే ఊళ్ళన్నీ మేస్త్రీ ఫోనులో గాలించాడు. ఎండలు ముదురుతున్నాయి. నేను కాటా దగ్గర అంకెలు రెండుసార్లు తప్పు రాశాను. నా పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అంతకుముందు అలా జరగలేదు.

బాడుగ ట్రాక్టరు నూట యాభై చెట్లకే. ఏ నూట యాభై అన్నది తేల్చక తప్పలేదు. మార్చి 24 ఉదయం నేను పట్టిక గీసుకొని తోటలోకి బయలుదేరుతుంటే చెట్లకు గుర్తు పెట్టే సున్నపు బకెట్టును నా భార్య నా చేతిలోంచి తీసుకున్నది.

"నువ్వు ఎంచొద్దులే. కంటికి బాగుండేదాన్నే ఎంచుతావు."

ఆమె ఆకు చూడలేదు. చెట్టు మొదలు దగ్గర గోటితో బెరడు గీరి, లోపల పచ్చిగా ఉన్నవాటికే సున్నం పూసింది. పచ్చగా కనిపించే కొన్నింటిని వదిలేసింది.

ఏప్రిల్ 24, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు లారీ ఐదు వేల లీటర్లతో మొదటిసారి వంక దాటింది. ఎక్కడా దిగబడలేదు. మేస్త్రీ స్టీరింగు దగ్గర, నేను పక్కన. అవతలి గట్టు ఎక్కిన తరువాత ఆయన బండి ఆపి, కిందికి దూరి చూసి, "కారతాండాది సార్, కొంచిం," అన్నాడు. నాకు ఊపిరి తిరిగి వచ్చింది.

జూన్ 30న చెట్లు లెక్కపెట్టాము. మొత్తం నాలుగు వందల పన్నెండు. ఎండిపోయి కొట్టేసినవి నూట అరవై ఏడు. ఒకటి రెండు కొమ్మలతో ఉండి, బతుకుతాయో లేదో తెలియనివి అరవై ఒకటి. నిలిచినవి నూట ఎనభై నాలుగు. లారీకి వేలం పాట మూడు లక్షల ఎనభై ఆరు వేలు. తేవడానికి, బాగు చేయడానికి, ట్యాంకుకు లక్షా డెబ్బై రెండు వేలు. లారీ ఉన్నది, కొంచెం కారుతూ.